గోల్‌లో నిలబడను

యూసుఫన్నా,

నీ మంచం పక్కన గోడకు బొమ్మ అంటించుకున్న ఆ ఫ్రాన్స్ ఫుట్‌బాల్ డిఫెండర్ నిన్న రిటైరయ్యాడు. ఇరవై ఏళ్లు దాటి ఆడాడు. ఎన్ని క్లబ్బులు మారినా వెనకే నిలబడ్డాడు. పేరంతా ముందు ఆడేవాళ్లకే వచ్చింది.

ఇక్కడ గల్ఫ్‌లో, సోహార్‌లో మన పనివాళ్ల క్యాంపు రివాజు నీకు తెలియనిదా? గడ్డం నెరిసినవాణ్ణి శుక్రవారం ఆటలో గోల్ కీపర్ని చేస్తారు. పరిగెత్తే పని ఉండదని, అదేదో మర్యాద చేసినట్టు. నీ వంతు వచ్చినప్పుడు గ్లవుజులు ఇసకలో పడేశావు. "ఆ ఫ్రాన్సాయన ఆడినన్నాళ్లు నేనూ వెనకే ఆడతా. ఆయప్ప ఆటలోంచి దిగినాక వచ్చి అడగండి" అన్నావు.

ఆయన దిగకముందే నువ్వు సెలవుకు కడప వెళ్లావు. అక్కడే గుండె ఆగి పోయావు.

ఈరోజు వంతు నాకొచ్చింది. నీ మాట ఎవరి దగ్గరో విన్నాడేమో, మన రూమ్‌లో కొత్తగా చేరిన కరీంనగర్ సతీశ్ గ్లవుజులు నా చేతిలో పెట్టాడు. "ఆ ఫ్రాన్సాయనే దిగిపోయిండు. ఇగ నీకెందుకన్నా, గోల్‌ల నిలబడు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. గ్లవుజులు వాడికే తిరిగిచ్చి, వెళ్లి నీ చోట నిలబడ్డాను. అవతలి జట్టు కుర్రాడు నన్ను దాటుకుని గోల్ కొట్టాడు. అందరూ నా వైపే చూశారు. చూడనీ. వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి బంతి లాగేసి, నువ్వు తన్నినట్టే క్యాంపు గోడ అవతలికి తన్నాను. అది దొరికేదాకా ఆట ఆగింది.

వచ్చే శుక్రవారం కూడా నేను వెనకే ఆడతాను. నువ్వు పెట్టినట్టు, ఎవరో దిగేదాకా అని గడువు మాత్రం నేను పెట్టలేదన్నా.