లోపల పడుకున్న చిక్కుడు గింజ

అమ్మా,

వేళకే తింటున్నాను, కాబట్టి మిగతాది నిమ్మళంగా చదువు. ట్రైనింగులో భాగంగా రెండో తరగతికి పాఠం చెబుతున్నానన్నాను కదా. సోమవారం చిక్కుడు గింజ మొలకెత్తడం తెర మీద వీడియో వేసి చూపించాను. నిమిషంలో మొలక, ఆకులు, తీగ వచ్చేశాయి. పిల్లలు కళ్ళార్పలేదు, నేను మురిసిపోయాను. తర్వాత అందరిచేతా గ్లాసుల్లో మట్టి పోయించి గింజలు నాటించాను. ఇక ఒక్కరూ కదలరు, గ్లాసుల ముందే కూర్చున్నారు. చివరికి ఒక పిల్ల బిక్కమొహం వేసుకుని, "టీచర్, మాది పాడైపోయింది, రావట్లేదు" అంది. వీడియోలో రోజుల్ని నిమిషంగా కుదించారని చెప్పడమే మరిచాను. "మొక్క లోపల పడుకుందమ్మా, లేవడానికి టైం పడుతుంది" అన్నాను. అప్పట్నుంచీ ఆ పిల్ల క్లాసులో ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వడం లేదు. టీచర్నయ్యాక తెర మాననులే, కానీ ముందు మట్టి, ఆ తర్వాతే తెర.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగుచేయించారా? చిక్కుడు గింజలు ఇంకొన్ని పంపు, కొందరు తవ్వి చూసేశారు. నాన్న నా ఉద్యోగం సంగతి మళ్ళీ ఎత్తితే, అదీ లోపల పడుకుందని, గట్టిగా మాట్లాడొద్దని చెప్పు.

మీ చిన్నది