క్రేన్ దిగాను

జులై 9, మంగళవారం
పోర్టులో డ్యూటీ. క్రేన్ కేబిన్‌లో ఉన్నాను, కంటైనర్ గాల్లో ఉంది. ఉన్నట్టుండి చేతులు చల్లబడిపోయాయి. ఊపిరి అందలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటంది. చచ్చిపోతన్నాను అనుకున్నాను. కింద జగ్గయ్య సిగ్నల్ ఇస్తన్నాడు, దించు దించు అని. చెయ్యి కదల్లేదు. ఎలాగో దించాను. అతని పక్కనే దబ్బుమని ఆనింది.

ఏటి బావా, నిద్రోయావా అని నవ్వాడు. నానూ నవ్వాను.

జులై 10
ఈసీజీ నార్మల్. బీపీ నార్మల్. గ్యాస్ అయ్యుంటుంది అన్నారు.

జులై 15
మళ్లీ వచ్చింది. ఈసారి బండి మీద, కాన్వెంట్ జంక్షన్ దగ్గర. పక్కకి ఆపి కూచుండిపోయాను. డ్యూటీకి రాలేను, జ్వరమని ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను.

జులై 22
డ్యూటీకి వెళ్లడం లేదని ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరతన్నాను. వన్ టౌన్‌లో మూసేసిన గొడౌన్ అరుగు మీద కూచుని, అన్నం తినేసి వచ్చేత్తన్నాను. ఇప్పుడు భయం కూడా లేదు. ఏదీ లేదు. కూరలో ఉప్పుందో లేదో తెలీదు. పాపకి క్లాస్ ఫస్టొచ్చిందట. గుడ్ అన్నాను. అది నా మొహమే చూస్తా నిలబడింది.

జులై 26, శుక్రవారం
జ్వరం ఎలాగుందని జగ్గయ్య ఇంటికొచ్చాడట. మా ఆవిడ ఆశాజ్యోతికి తెలిసిపోయింది. ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేరన్నాను. మరేటి అంది. చెయ్యి చాపి చూపించాను. వణుకుతంది. ఆ చెయ్యి పట్టుకుని ఒదల్లేదు. పట్టుకుందని తెలుస్తంది. అంతే.

జులై 28, ఆదివారం
అమ్మ సింహాచలం తీసుకెళ్లింది. గాలి సోకిందిరా, అప్పన్న సూసుకుంటాడు అంది. క్యూలో ఊపిరాడక బయటికొచ్చేసాను. అమ్మ కూడా దర్శనం మానేసి వెనకే వచ్చింది. మెట్ల మీద నా వీపు రాస్తా, ఇది గాలి కాదురా, డాట్రుకి సూపించుకో అంది.

ఆగస్టు 1
సైకియాట్రీ ఓపీ. బోర్డు చూసి వెనక్కి తిరిగాను. ఆశ చొక్కా పట్టుకుంది.

డాక్టరమ్మ అంతా విన్నారు. పానిక్ ఎటాక్ అన్నారు. ప్రమాదం లేకపోయినా ఒళ్లు ప్రమాదమనుకుని కంగారు పడుతుందట. మళ్లీ వస్తుందేమో అన్న భయమే దాన్ని పెంచుతుందట. సంతోషం, కోపం ఏదీ తెలీకపోవడం కూడా ఇందులోదేనట. పిచ్చా అని అడిగాను. కాదు, యాంగ్జైటీ, తగ్గుతుంది అన్నారు. మాత్రలు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడతాయట. దాంతోపాటు కౌన్సెలింగ్. తగ్గేదాకా క్రేన్ ఎక్కొద్దు, ఆఫీసులో మీరే చెప్పండి అన్నారు.

ఆగస్టు 5, సోమవారం
ముందు జగ్గయ్యకి చెప్పాను. ఆరోజు నిద్ర కాదు బావా, చెయ్యి ఆడలేదు, కంటైనర్ నీ మీదే పడిపోయేది అన్నాను. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. తిడతాడనుకున్నాను. పద బావా అని సూపర్‌వైజర్ గదికి తనే ముందు నడిచాడు.

గ్రౌండ్ డ్యూటీ ఇచ్చారు. మళ్లీ క్రేన్ ఇత్తారో లేదో చెప్పలేదు.

ఆగస్టు 19
మాత్రలకి నోరు ఎండిపోతంది. కౌన్సెలింగ్‌లో ఊపిరి నెమ్మదిగా ఒదలడం నేర్పుతన్నారు. నిన్న బస్సులో వచ్చింది. పారిపోకుండా కూచున్నాను. కాసేపుండి పోయింది.

సెప్టెంబరు 8, ఆదివారం
చేపలమ్మే పోతమ్మ ఐసులో మగ్గిన వంజరం తెచ్చి, ఇప్పుడే పడవ దిగింది బాబూ అంది. వీధంతా వినపడేలా దెబ్బలాడాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆశ ఏడుస్తంది. ఏటైందే అన్నాను.

మీకు కోపం వచ్చిందండీ అంది.