బొండాలకు బదులు బ్రెడ్డు

జూలై 14, సోమవారం

ఆపరేషన్ అయి ఆరు వారాలు. జావలు, రసం నీళ్ళు, మెత్తగా మెదిపిన పప్పు, అన్నీ దాటాను. ఇవాళ్టి నుంచి మామూలు తిండి తినొచ్చట.

వైజాగ్ హాస్పిటల్ వాళ్ళిచ్చిన డైట్ షీట్‌ని బీరువాలో చీరల అడుగున దాచాను. పదో తరగతి పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే లెక్కల టీచర్ని. నలభై మూడేళ్ళు. ఒక కాగితాన్ని దొంగసొత్తులా దాచుకుంటున్నాను.

షీట్‌లో అన్నిటికన్నా పైన ఉన్నది ఇది. బ్రెడ్, పాస్తా వద్దు. మెత్తటి బ్రెడ్ లోపల ఉండకట్టి బ్యాండ్ దగ్గర ఇరుక్కుంటుంది. పాస్తా కూడా అంతే. కరకరలాడేలా ఎండిన బ్రెడ్ అయితే చిన్న ముక్క, ఇరవై సార్లు నమిలి మింగొచ్చు. పలాసలో కూర్చుని పాస్తా తినేదెవరు? గారెల సంగతి రాయలేదు. దిబ్బరొట్టె సంగతి రాయలేదు. పనసపొట్టు కూర ఊసే లేదు. చదివితే నవ్వొచ్చింది. వెంటనే కోపం వచ్చింది. ఈ మధ్య నాకు ఏదొచ్చినా దాని వెనకాలే కోపం వస్తోంది.

నేనేం తప్పు చేశాను? నూట నాలుగు కిలోలు. మోకాళ్ళు అరిగాయి. షుగర్ మూడొందలు దాటింది. బోర్డు ముందు పావుగంట నిలబడలేకపోయాను. డాక్టర్‌ని నేనే అడిగి, పొట్ట పైభాగానికి ఒక పట్టీ, అదే ఈ బ్యాండ్, వేయించుకున్నాను. ఇప్పుడు గుప్పెడు తింటే కడుపు నిండుతుంది. అంతే కదా.

జూలై 15

నిన్న సగమే రాశాను.

దాచమన్నది మా ఆయన. పేరు కూడా రాస్తాను, తిరుమలరావు. జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. కౌన్సిలర్ టికెట్ కోసం తిరుగుతున్నాడు. ఆపరేషన్‌కి ముందే షరతు పెట్టాడు. అందరికీ గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాలి. మా అమ్మకీ అదే. హాస్టల్లో ఉన్న మా వాణికీ అదే. కన్నకూతురికి కూడా! ఉద్దానంలో జనం కిడ్నీలు పోయి సత్తంటే తిరుమలరావు పెళ్ళాం తిండెక్కువై పొట్ట కట్టించుకుందంటారు, ఏ మొకం పెట్టుకుని ఓటడగమంటావు అన్నాడు.

సరే అన్నాను. ఇదీ రాయాలి. నేనూ సరే అన్నాను. ఆయన ఓట్ల కోసం కాదు, సూరి కోసం. నా తమ్ముడు కిడ్నీలు పాడై చనిపోయి నాలుగేళ్ళు. డయాలసిస్ రోజుల్లో నీళ్ళు గ్లాసుతో కొలుచుకుని తాగేవాడు. వాణ్ణి పోగొట్టుకున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, నాకు తిండి ఎక్కువైంది, కట్టించుకున్నాను అని ఎలా చెప్పను?

జూలై 27, ఆదివారం

పక్కింటి నాగసుధ గారు చూడటానికి వచ్చారు. రెండు కొబ్బరిబొండాలు, ఒక బ్రెడ్ ప్యాకెట్. మన దగ్గర జ్వరమొచ్చినా, కాన్పయినా, కాలు విరిగినా బ్రెడ్డూ పాలే. ఆవిడే పాలు కాచి, ముంచి, చేతికిచ్చి, తినేదాకా కదలనని కూర్చుంది.

మూడో ముక్కకే ఆగిపోయింది. రొమ్ము ఎముక వెనకాల ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు. కిందికి దిగదు, పైకి రాదు. నోటినిండా జిగురు నీళ్ళు. బాత్‌రూంలో నలభై నిమిషాలు ఉన్నాను. బయట ఆవిడ, ఏటైపోనాదండీ, డాక్టర్ని పిలవమంటారేటి అని తలుపు కొడుతూనే ఉంది. ఆఖరికి వచ్చింది. మింగినది మింగినట్టే, తెల్లగా.

ఇలా కక్కుతూ ఉంటే బ్యాండ్ జారుతుందని డాక్టర్ చెప్పారు. జారితే మళ్ళీ ఆపరేషన్.

నాకు బ్రెడ్ పడదండీ అంటే పోయేది. ఎందుకు పడదు అంటారు. దానికి ఇంకో అబద్ధం కావాలి. లెక్కలు చెప్పేదాన్ని, అబద్ధాల దగ్గర మాత్రం నాకు ఎప్పుడూ లెక్క తప్పిపోతుంది.

ఆగస్టు 10

పదమూడు కిలోలు తగ్గాను. స్కూల్ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కాను. చెప్పుకోడానికి ఒక్కళ్ళు లేరు. ఛీ.

ఆగస్టు 17, ఆదివారం

ఇవాళ ముగ్గురొచ్చారు. ఆయన మేనత్త, మా స్కూల్ అటెండర్ బైరాగి, మళ్ళీ నాగసుధ గారు. మూడు చేతుల్లో మూడు బ్రెడ్ ప్యాకెట్లు. ఒక్కరూ బొండం తేలేదు.

అప్పుడు వెలిగింది. కొబ్బరితోటల్లో పుట్టినవాళ్ళం. రోగిని చూడటానికి బొండం లేకుండా వెళ్ళేది ఒక్క ఇంటికే. కిడ్నీ జబ్బు ఉన్న ఇంటికి. కొబ్బరినీళ్ళు వాళ్ళకి ప్రమాదమని ఉద్దానంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. సూరి జబ్బు బయటపడిన నెలలోనే మా గుమ్మంలోకి బొండాలు రావడం ఆగిపోయింది.

మనిషి చిక్కింది. నెలకోసారి వైజాగ్ పోతోంది. తిన్నది కక్కుతోంది. అన్నంతో నీళ్ళు తాగదు. ఇంకేం కావాలి? వెళ్ళేటప్పుడు మేనత్త నా చెయ్యి పట్టుకుని, ఎంతొచ్చినాదమ్మా అని గుసగుసగా అడిగింది. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత అని. మా వైపు ఆ ముక్క పేరు పెట్టి అడగనక్కర్లేదు.

బతికున్న మనిషికి పరామర్శలు! ఆయనతో చెప్పాను, ఊరంతా ఇలా అనుకుంటోంది, ఇప్పటికైనా నిజం చెప్పేద్దామని. పేపర్ లోంచి తల ఎత్తలేదు. అనుకోనీ, సింపతీ మంచిదే కదా అన్నాడు.

ఆగస్టు 18

సింపతీ మంచిదేనట.

ఆగస్టు 31, ఆదివారం

అక్కుపల్లి వెళ్ళాను. అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఎవరో ముందే చేరవేశారు. మా అమ్మ బొడ్డమ్మకి చదువు రాదు, అయినా ఊళ్ళో ఏ కబురూ ఆమెను దాటిపోదు.

కాళ్ళు కడుక్కోకముందే, ఒలే పార్వతీ, నిజం సెప్పు, ఎంతొచ్చినాది అంది. గర్భసంచి తీసేశారమ్మా, ఇంకేం లేదు అన్నాను. నా మొకంలోకి సూసి సెప్పు అంది. చూడలేకపోయాను.

బ్రెడ్ తెచ్చి ఉంచింది. పలాసలో డయాలసిస్ చేయించుకుని సూరి బస్సు దిగగానే పెట్టేది చూడు, అదే ఇత్తడి పళ్ళెం. రెండు స్లైసులు, టీ. తిను నా తల్లీ అని ఎదురుగా కూర్చుంది. తిన్నాను. ఏమవుతుందో తెలిసి తిన్నాను. జీడిచెట్టు వెనక్కి వెళ్ళి కక్కాను. అమ్మ వెనకాలే వచ్చి వీపు రాసింది. సూరికి రాసినట్టే, మెడ దగ్గర నుంచి నడుము దాకా, నెమ్మదిగా.

తిరుగు బస్సులో పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఆయన మీద కోపం. బ్రెడ్ కంపెనీల మీద కోపం. ఆ పళ్ళెం ముందు నోరు మూసుకున్న నా మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం.

అమ్మ కూడా చిక్కింది. వయసు కదా.

సెప్టెంబర్ 28, ఆదివారం

దసరా సెలవులకి వాణి వచ్చింది. నాకు ఏదైనా కొత్తది చేసి పెడతానని వైజాగ్ నుంచి ప్యాకెట్లు మోసుకొచ్చింది. ఏమిటో చెప్పలేదు. గంట సేపు వంటింట్లోకి రానివ్వలేదు.

పాస్తా.

షీట్‌లో రెండో మాట. పలాసలో ఎవడు తింటాడని నవ్వానే, అది. చీజ్ తురిమి, మా ఫ్యాక్టరీ జీడిపప్పు వేయించి వేసి, ప్లేటు నా ఒళ్ళో పెట్టింది. దాని ముఖం చూసి నాలుగు గొట్టాలు నమిలాను. ఇరవై సార్లు కాదు, నలభై సార్లు నమిలాను. అయినా ఇరుక్కుంది.

నేను బాత్‌రూంలోంచి బయటికొచ్చేసరికి గోడకి చేరబడి కూర్చుని ఉంది. అమ్మా, మావయ్యలాగేనా అని అడిగింది. రెండు నెలలుగా హాస్టల్లో పడుకునే ముందు రోజూ అదే ఆలోచిస్తోందట. నాన్నని అడిగితే, ఇప్పుడవన్నీ ఎందుకు, చదువుకో అన్నాడట.

చెప్పేశాను. ఎక్కడ వేశారో చూపించాను, కుట్ల మచ్చలు చూపించాను. చీరల అడుగు నుంచి షీట్ తీసి చేతిలో పెట్టాను. మొదటి లైను చదివి దానికి పిచ్చికోపం వచ్చింది. నా చేత్తో నీకు విషం పెట్టించావు కదమ్మా అంది. తర్వాత ఏడ్చింది. తర్వాత అసలు మాట చెప్పింది.

అమ్మమ్మ శ్రావణం నుంచి ఒక్కపొద్దు ఉంటోందట. వారానికో రోజు కాదు, రోజూ. నేను బాగుపడేదాకా పగలొకసారే తింటానని మొక్కుకుందట. మీ అమ్మకి సెప్పకు, బెంగెట్టుకుంటాది అందట వాణితో. అరవై ఆరేళ్ళ మనిషి, బీపీ మాత్రలు మింగుతూ.

అదే రోజు, సాయంత్రం 6

ఆయన వచ్చాడు. మా అమ్మ పస్తులుంటోంది, తెలుసా అని అడిగాను. తెలుసట! పెద్దోళ్ళ మొక్కులకి మనమేం చేస్తాం అన్నాడు. టికెట్ తేలేదాకా ఓపిక పట్టమన్నాడు.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. మా అమ్మ ఆకలి మీద నువ్వు ఓట్లేరుకుంటావా అన్నాను. వీధిలోకి వినిపిస్తుంది, తలుపెయ్యమన్నాడు. కిటికీలు కూడా తెరిచాను.

సెప్టెంబర్ 29, సోమవారం

పొద్దున మొదటి బస్సుకే వెళ్ళి అమ్మకి చెప్పాను. అంతా చెప్పాను.

నమ్మలేదు.

పూర్తిగా విన్నది. తల ఊపింది. ఆఖర్న, డబ్బులిచ్చి ఆకలి సంపుకునే మడిసిని నాను ఈ పుట్టకలో సూడనేదు, నన్నూరుకోబెట్టడానికి కత సెప్తన్నావు అంది. సూరీ ఇలాగే సెప్పీవోడు, గేస్ పట్టిందమ్మా, గేస్ పట్టిందమ్మా అని. బ్యాండ్ ఫొటో ఫోన్లో చూపిస్తే, ఈ రబ్బరు ముక్క ఎవులి పొట్టలోదో నాకేటి తెలుసు అంది.

నాలుగు నెలలు అబద్ధాన్ని నిజమనిపించాను. ఇప్పుడు నిజం నోట్లోంచి వస్తే అది అబద్ధంలా ఉంది. మధ్యాహ్నం నా ముందే అన్నం కుండ మూత పెట్టేసింది. ఇందాక తిన్నానంది. తినలేదని నాకు తెలుసు.

సెప్టెంబర్ 30

కాశీబుగ్గలో ల్యాబ్ తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. నా వరసలో ఉన్నవాళ్ళందరూ సర్దుకుని నాకు చోటిచ్చారు. మనిషి మనిషికీ ఒక ఫైలు. నాది ఏ ఊరని అడిగారు, ఎన్నాళ్ళయిందని అడిగారు. ఈ ఒక్క చోట మాత్రం ఎవరి మీదా కోపం రాలేదు. సిగ్గేసింది.

క్రియాటినిన్ రిపోర్ట్ తీసుకుని అటు నుంచి అటే అక్కుపల్లి.

అమ్మకి అక్షరాలు రావు గానీ ఆ అంకె ఏ వరసలో ఉంటుందో తెలుసు. మూడేళ్ళు సూరి ఫైలు మోసింది. వేలు పెట్టి కిందికి దిగుతూ దిగుతూ ఆగింది. సున్నా, సుక్క, ఎనిమిది. సూరిది పదకొండు దాకా వెళ్ళింది. మళ్ళీ చూసింది. పైన పేరు నాదేనా అని పక్కింటి పిల్లని పిలిచి చదివించుకుంది.

ఆ తర్వాత ఆ కాగితంతోనే నా చెంప మీద కొట్టింది. కాగితం కదా, తగల్లేదు. మళ్ళీ కొట్టింది. నా కొడుకు గుక్కెడు నీళ్ళకి ఏడిసి ఏడిసి పోనాడు, నువ్వు నిచ్చేపంలాంటి పొట్టకి తాడు కట్టించుకున్నావా అంది. కట్టించుకుంటే కట్టించుకున్నావు, ఆ మాట అమ్మకి సెప్పకూడదేటి అంది. నాను బ్రెడ్డు ఎట్టిన పళ్ళేనికి దండమెట్టుకుని ఎట్టేనే, అది నీకు పడదని ఒక్క మాట సెప్పనేకపోనావా, ఎండిందైతే పడతాదంటన్నావే, ఎండబెట్టనా నాను అంది. నా కడుపున పుట్టిన కూతుర్ని రెండు నెల్లు పాడె మీద సూసుకున్నాను అంది.

ఎల్లిపో అంది. రాకు అంది. తలుపేసుకుంది.

అమ్మ కోపం నా కోపం కన్నా పెద్దది. దానికి హక్కుంది.

అక్టోబర్ 1

డైట్ షీట్‌ని ఫ్రిజ్ మీద అంటించాను. బియ్యపు పిండి జిగురుతో, ఊడి రాకుండా. ఆయన చూశాడు. ఇవాళ సాయంత్రం పార్టీ వాళ్ళు టీకి వస్తున్నారు, తియ్యమన్నాడు. వాళ్ళకి కనబడాలనే పెట్టానన్నాను. వచ్చినవాళ్ళలో ఒకాయన నీళ్ళ సీసా కోసం వెళ్ళి, నిలబడి మొత్తం చదివాడు. మా యావిడకి కూడా మోకాళ్ళేనమ్మా, ఆ డాక్టరు నంబరుందేటి అని అడిగాడు.

ఇచ్చాను. మా ఆయన టీ చల్లారిపోయింది.

ఇంట్లో పదకొండు బ్రెడ్ ప్యాకెట్లు పోగయ్యాయి. బూజు పట్టనివన్నీ వాణి సంచిలో వేసుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మమ్మ దానితో కూడా ముభావంగానే ఉందట. సంచి మాత్రం తీసుకుందట. రెండు పూటలా తింటోందట.

అక్టోబర్ 9

అమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

పొద్దున అక్కుపల్లి ఆటో పైడిరాజు గోనెసంచి ఒకటి దింపి వెళ్ళాడు. ఏటీ సెప్పమననేదు అన్నాడు. పైన స్టీలు డబ్బా. దాన్నిండా గోరంత గోరంత తరిగిన బ్రెడ్ ముక్కలు, వడియాల్లా ఎండబెట్టినవి. ఒకటి నోట్లో వేసుకున్నాను. కరకరలాడింది. ఇరవై సార్లు నమిలాను. దిగింది.

డబ్బా కింద రెండు బొండాలు.