వెనక వరస గొంతులు

శనివారం రాత్రి, క్లాంగ్, మలేషియా

గిటారుకు ప్రతిధ్వని తెచ్చే డిలే పెడల్ చవకరకందే కొన్నాను, మంచి పనే చేశాను. షాపులో చూపించిన ఖరీదైనదాంట్లో ప్రతిధ్వని ప్రతిసారీ ఉన్నదున్నట్టే తిరిగొస్తుంది. నాదాంట్లో తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకాస్త మసకబారి, దూరమైపోతుంది. భజనలో వెనక వరస ముసలమ్మలు పాట అందుకున్నట్టు. తెరలు తెరలుగా సాగే నా యాంబియంట్ సంగీతానికి కావలసింది ఆ మసకే.

సాయంత్రం దానికి మైకు తగిలించి నాన్నకిచ్చాను. మందిరంలో భజన ఎత్తేది ఆయనే. ఈమధ్య వెనక అందుకునేవాళ్లు నలుగురికి మించడం లేదు. నాన్న ఒక పాదం పాడి ఉలిక్కిపడ్డాడు.

"ఎవులే ఎనకాల పాడతన్నారు?"

"నువ్వే నాన్నా."

"నానొక్కడినే అంతమందినేటి?"

రేపు దాన్ని మందిరానికి తెమ్మన్నాడు. ఇది ఉందిగా అని ఆ నలుగురూ రావడం మానేస్తేనో? ఏమో…

అయినా ఈ రాత్రి నాకు గర్వంగానే ఉంది. నా గిటారు వింటేనే తలుపేసుకునే మనిషి, ఇవాళ భజన తాళాలు చేత పట్టుకుని, వెనక వరసలో చివరి గొంతు ఆగేదాకా తర్వాతి పాదం ఎత్తలేదు.