నల్లా వచ్చే వేళ

పోతిరెడ్డిపల్లి,
ఆగస్టు, 2003

ప్రియమైన మీకు,

అక్కడ గుజరాత్‌లో, మీ వాపిలో వానలు ఎక్కువని ఫోన్‌లో అన్నారు. ఇక్కడ ముసురు. ఆఫీసు కిటికీలోంచి పటాన్‌చెరు పొగగొట్టాలు సగం మబ్బులో మునిగి, నేలతో పని లేనట్టు తేలుతున్నాయి. నేనూ అలాగే ఉన్నాను. కంప్యూటర్‌లో లైనక్స్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ తయారవుతున్నంతసేపూ తెర మీద అక్షరాలు చీమలబారులా పైకి పోతుంటాయి. వాటిని చూస్తూ ఎన్నిసార్లు మీ దగ్గరికి వచ్చి వెళ్లానో.

ఒక్కో ప్యాకేజీలో వందల ఫైళ్లుంటాయి. ఇన్నాళ్లూ ఒకటి అయ్యాకే ఇంకోటి తయారయ్యేది. కొత్త కంప్యూటర్‌కు రెండు ప్రాసెసర్లున్నాయి. రెండు పొయ్యిలుండగా ఒక్కదాని మీదే అన్నం, పప్పు వండటమెందుకని, రెండు పనులు ఒకేసారి నడిచేలా మార్చాను. పొద్దంతా పట్టేది మధ్యాహ్నానికే ముగిసింది. మహా మురిసిపోయాను. మరునాడు ఒక ప్యాకేజీ మధ్యలో ఆగిపోయింది. అందులో ఒక ఫైలుకు ఇంకో ఫైలు ముందే సిద్ధంగా ఉండాలట. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. ఎప్పుడూ అదే ముందు వచ్చేది కాబట్టి రాయాలని ఎవరికీ తోచలేదు.

మా ఆఫీసు పెద్దాయన వెంకటేశ్వరరావు గారు, "దీనికి పాత పద్ధతే పెట్టేయమ్మా, గొడవ వదిలిపోతుంది" అన్నారు. సరేనని ఇంటికొచ్చాను.

పొయ్యి ముట్టించి, గిన్నె పెట్టి, బిందె వంచితే చుక్క లేదు. తొట్టిలో మీరు నింపిపోయిన నీళ్లు ఆ రోజుతో అయిపోయాయి. సాయంత్రం అయిదింటికే నల్లా వచ్చి పోయింది. పెళ్లయినప్పటి నుంచి, మొదటి షిఫ్టు దిగి వచ్చి మీరే పట్టేవారు. నేను వచ్చేసరికి బిందె నిండి ఉండేది, అంతే. పక్కింటి బీరమ్మ కడవ తెచ్చి ఇస్తూ, "గంత సదువుకున్నవు, నీళ్లు సూసుకోకుండనే పొయ్యి ముట్టిచ్చినవా బిడ్డా?" అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. ఏడుపొచ్చింది.

వాపి ఉద్యోగం వచ్చినప్పుడు "ఏం జేద్దాం?" అని అడిగారు. "పోయి రాండ్రి, ఎవరి పని వాళ్లం జేస్కుందం" అన్నాను. ఉండిపోతానంటారేమోనని చూశాను. మీరు బ్యాగు సర్దుకున్నారు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఆ ప్యాకేజీకి పాత పద్ధతి పెట్టలేదు. దేనికి ఏది ముందు కావాలో అందులో ఒక్క వాక్యం చేర్చాను. రెండు పనులూ సాఫీగా నడిచాయి. ఇక్కడా అదే చేస్తున్నాను. నాకు మీరు కావాలి. నెలాఖరుకు మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నారు కదా, అంతకు ముందే మీకిది తెలియాలి.

మీ సుమిత్ర

వాపి

సుమిత్రా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఒప్పందం కాగితాలు నా ముందే ఉన్నాయి. సంతకం పెట్టలేదు. నువ్వు అంత సులువుగా పొమ్మంటే, నేను లేకపోయినా నీకు జరిగిపోతుందనుకున్నాను. బ్యాగు సర్దుతున్నంతసేపూ వద్దంటావేమోనని నీ వైపే చూశాను. మన పాత ఫ్యాక్టరీలో మొగులయ్యకు ఫోన్ చేశాను. "నీ జాగల ఇంకా ఎవర్ని తీసుకోలే, జల్దీ రా" అన్నాడు.

ఇక్కడ నల్లా రోజంతా వస్తుంది. అయినా అయిదు కాగానే లేచి నిలబడుతున్నాను. గదిలో వాళ్లు నవ్వుతున్నారు.

నేను వస్తున్నానని ఆఫీసు నుంచి తొందరగా బయల్దేరకు. నీ పనులన్నీ ఒకేసారి నడవనీ. వచ్చి పొయ్యి ముట్టించుకో, నీళ్లు పట్టి ఉంచుతాను.

నీ కాశీనాథ్