ముందే వచ్చిన నవ్వు

నార్విచ్,
ఆదివారం, 10 మార్చి 2019.

అమ్మకి,

హెదర్ బోలెడు ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, ఆలనూ, పిల్లీ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ మోకాలూ, వంటింట్లో మూలిగే ఆ ముసలి బాయిలరూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. పని ఒత్తిడి వల్ల జవాబు ఆలస్యమైందని రాయబోయి ఆగాను. పనేమీ లేదమ్మా. ఉత్తరాన్ని చేతిసంచీలో పెట్టుకుని ఇంటికీ యూనివర్సిటీకీ తిప్పుతున్నాను, అంతే. "ఓ ఫోన్ కొట్టి మాట్లాడెయ్యరాదూ?" అంటాడు ఆలన్. ఫోన్లో నీకు సగం వినపడదు. వినపడిన సగానికి "సర్లే, సర్లే" అనేస్తావు. ఈ సంగతికి నువ్వు సర్లే అనకూడదు. అందుకే కాగితం తీశాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అల్లం కేకు నలక్కుండా చేరింది. నువ్వు చెప్పినట్టే వారం పాటు డబ్బాలో మాగనిద్దామనుకున్నాం. మర్నాడే ఆలన్ ఒక మూల తవ్వడం మొదలెట్టాడు. "మీ అమ్మ కేకు ఎదురుగా పెట్టుకుని వారం ఆగాలంటే మఠంలో పుట్టి ఉండాలి" అంటాడు. అతని నడుం నొప్పి తగ్గింది, తోట తవ్వమంటే మళ్ళీ వస్తుంది. నా జుట్టు సంగతి అడిగావు. స్టేజీ మీద బాగుంటుందని కత్తిరించుకున్నాను. "కొత్తగా ఉంది" అని రాశావు చూడు, నచ్చలేదని అక్కడే తెలిసిపోయింది.

ఉత్తరం చివర్లో ఇంకొకటి అడిగావు. దాని దగ్గరికి రావడానికి కొంచెం టైము పడుతుంది, ఓపిక పట్టు.

ఆ రోజు మాంచెస్టర్ సభకి నువ్వూ బెరిల్ పిన్నీ వస్తారని నాకు ముందే తెలుసు. టిక్కెట్లు పంపింది నేనే కదా. "రెండో పూత" టీవీ సీరియల్ మొదలై నలభై ఏళ్ళైన సందర్భం. దాని గురించి చదివి, రాసి, పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని. మా అమ్మ నన్ను స్టేజీ మీద చూడాలనుకున్నాను. ఆ అనుకున్నదే ఇప్పుడు తలుచుకుంటే మొహం చెల్లడం లేదు.

నేనక్కడ చెప్పింది కొత్తదేమీ కాదు. గోడలకి పూల కాగితాలు అంటించే అన్నదమ్ములు వాల్టర్, నెడ్ అనగానే ఈ దేశంలో అందరికీ గుర్తొచ్చేది పాదిరిగారి ఎపిసోడే. పాదిరిగారు టాయిలెట్లోకి వెళ్తారు. అది చూడని నెడ్ గోడతోపాటు ఆ తలుపు మీద కూడా గులాబీల కాగితం అంటించేసి, వెనక్కి జరిగి నిలబడి, "చూడు వాల్టర్, ఒక్క ముడతైనా ఉందా?" అంటాడు. వాల్టర్ మాట్లాడడు. కాసేపటికి గులాబీల మధ్యలోంచి పాదిరిగారి పిడికిలి బయటికొస్తుంది. ప్రతి క్రిస్మస్‌కీ ఆ పిడికిలిని చూపిస్తారు. టీ కప్పుల మీద కూడా అదే బొమ్మ.

నా వాదన ఏమిటంటే, పేరు పడడం వేరు, మంచిదవడం వేరు. ముక్కగా కోసి చూపించడానికి వీలైనదానికే పేరు వస్తుంది. ఆ సీరియల్లో అన్నిటికంటే మంచిది వాన ఎపిసోడ్. దాన్ని ఎక్కడా కోయలేం. అన్నదమ్ములిద్దరూ వ్యానులో కూర్చుని వాన తగ్గడం కోసం చూస్తుంటారు. తను వేరే పని చూసుకుంటున్నానని చెప్పడానికి వచ్చిన నెడ్, అది తప్ప ఊళ్ళో సంగతులన్నీ చెబుతాడు. వాల్టర్ ఏమీ అడగకుండా తన శాండ్విచ్‌లో సగం తుంచి ఇస్తాడు. వాన తగ్గుతుంది. అంతే కథ. షూటింగ్ చూడ్డానికి వచ్చి కూర్చున్న జనం నవ్వులు కూడా అందులో రికార్డయ్యేవి కదా, ఆ హాల్లో చాలాసేపు ఎవరూ నవ్వరు. ఆ నవ్వకపోవడం గురించి నేను ఒక పెద్ద వ్యాసమే రాశాను.

సభలో అంతవరకూ బాగానే నడిచింది. తరవాత తెర మీద పాదిరిగారి ముక్క వేశారు. నెడ్ వెనక్కి జరిగాడు. ఆనాటి జనంలో ఇంకెవరూ నవ్వకముందే, ఆ రికార్డింగులోంచి ఒక్క ఆడగొంతు పైకి లేచింది. ఈల వేసినట్టు మొదలై, ఊపిరందక తెగి, ఎక్కిళ్ళలా మళ్ళీ అందుకునే ఆ నవ్వు.

"వచ్చేసిందండీ మన కోడిపెట్ట!" అన్నాడు నా పక్క కుర్చీలో ఉన్న క్రిస్పిన్. పత్రికల్లో టీవీ గురించి రాస్తాడని నీకు చెప్పాను కదా, ఆయనే. హాలంతా గొల్లుమంది. "పిడికిలి ఇంకా రానేలేదు, ఈవిడ గుడ్డు పెట్టేసింది. ఆవేళ తలుపు దగ్గరే పట్టుకుని బయటికి పంపించాల్సింది. ఏమంటారు హెదర్?"

ఏమీ అనకుండా ఉండొచ్చు. నవ్వేసి ఊరుకోవచ్చు. నేను మైకు దగ్గరికి లాక్కున్నాను.

"ఎప్పుడు నవ్వాలో తెలియని మనిషి నవ్వితే, మిగతావాళ్ళు ఆ మనిషిని చూసి నవ్వుతారు" అన్నాను. "నలభై ఏళ్ళుగా జనం నవ్వుతున్నది పాదిరిగారిని చూసి కాదు, ఆవిణ్ణి చూసి. ఈ ఎపిసోడ్‌కి ఉన్న పేరులో సగం ఆవిడదే."

చప్పట్లు కొట్టారు. క్రిస్పిన్ నా భుజం తట్టాడు. ఆ తట్టడం నాకు సంతోషం కలిగించింది. ఇది కూడా నీకు చెప్పాలి.

"ఇంతకీ ఎవరో ఈ మహాతల్లి? ఉందంటారా, పోయిందంటారా? ఎవరికైనా తెలుసా?" అని అతను హాల్లోకి అడిగాడు.

తరవాత కింద టీ తాగుతున్నప్పుడు బెరిల్ పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "ఈమధ్య కళ్ళు చూపించుకున్నావుటే?" అంది.

"లేదు పిన్నీ, ఏం?"

"చూపించుకో. దగ్గరివి ఆనుతున్నట్టు లేవు."

"ఊరుకోవే బెరిల్" అన్నావు నువ్వు. "అంతంత లైట్లు మొహాన కొడుతుంటే ఎవరికి మాత్రం ఏం కనిపిస్తుంది? నాకా మైకులో సగం ముక్కలు అర్థమే కాలేదు. బాగా మాట్లాడావే పిల్లా. ఆ కోటు నీకు నప్పింది."

నీకేమీ వినపడలేదని రైల్లో ఇంటిదాకా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నీ చెవి మిషను మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ తరవాత నీ ఉత్తరం వచ్చింది.

"క్రిస్పిన్ గారు సరదా మనిషే" అని రాశావు. "కోడిపెట్ట అన్నందుకు నాకేం కోపం లేదు, మీ నాన్న పనిచేసే చోట కూడా అదే అన్నార్ట. నీకు తెలుస్తుంది కాబట్టి ఒకటి అడుగుతాను. నేను నిజంగానే ముందే నవ్వేశానా? నవ్వకుండా ఉంటే అది ఇంకా బాగుండేదా? ఇన్నేళ్ళలో నాకా సంగతి తట్టనేలేదు. నేను చెయ్యెత్తాను కానీ లైట్ల వల్ల నీకు కనిపించలేదు. ఒకందుకు మంచిదే అయింది, నలుగుర్లో నీకు ఇబ్బందిగా ఉండేది."

అమ్మా, నాకు కనిపించింది.

నాలుగో వరసలో, అటు చివర. ముందు బెరిల్ పిన్ని మోచెయ్యి నీ డొక్కలో పొడవడం కనిపించింది. "ఎత్తవే!" అని పిన్ని పెదవులు కదలడం కనిపించింది. అప్పుడు నీ చెయ్యి లేచింది. స్టేషన్లో నా కోసం ఎత్తినట్టే, చెవిదాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. నువ్వు సిగ్గుపడుతూ నవ్వుతున్నావు. రెండో చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. నువ్వు నాకేసే చూస్తున్నావు. నేనూ నీకేసి చూశాను. చూసి, "వెనకాల ఆ ఎర్ర మఫ్లరాయన ఏదో అడగాలనుకుంటున్నారు" అన్నాను. ఆయన చెయ్యి కూడా ఎత్తలేదు. కంగారుపడి ఏదో అడిగాడు. ఏమడిగాడో నాకు తెలియదు.

ఆ నవ్వు ఎవరిదో నాకు తెలియక అన్న మాటలు కావవి. మన ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ పిన్ని "అదిగోనే మీ అమ్మ!" అని టీవీకేసి వేలు చూపించేది. బళ్ళో గొప్పలు కూడా చెప్పుకున్నాను. నాన్న మాత్రం ఆ టైముకి లేచి కుక్కని తిప్పడానికి వెళ్ళేవాడు. ఎందుకో చాలా ఏళ్ళ తరవాత పిన్నే చెప్పింది. అది మొదటిసారి టీవీలో వచ్చిన మర్నాడు మిల్లులో వాళ్ళంతా ఆయన్ని చూసి కోడికూత పెట్టారట. ఆయన ఇంటికొచ్చి, "ఇంకెప్పుడూ నలుగుర్లో అలా నవ్వకు డోరీన్" అన్నాడట. గట్టిగా కూడా అనలేదట. అప్పట్నుంచే నీ చెయ్యి నోటిమీదికి వచ్చింది. నాకు తెలిసిన అమ్మ నవ్వంటే ఆ చెయ్యే. పూర్తి నవ్వు నేను టీవీలో తప్ప వినలేదు. నాన్న ఎంత పిరికిగా మాట్లాడాడో అని అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన నాలుగ్గోడల మధ్య అన్నాడు. నేను మైకులో అన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్న. నీకు సరిగ్గా చెప్పాలని మొన్న మళ్ళీ ఆ ఎపిసోడ్ వేసుకుని చూశాను. అవునమ్మా, నువ్వు ముందే నవ్వావు. నెడ్ వెనక్కి జరగ్గానే నవ్వావు. పాదిరిగారు లోపలికి వెళ్ళడం హాలంతా చూసింది, ఆయన ఇంకా బయటికి రాలేదన్న సంగతి అందరికంటే ముందు నీకు తట్టింది. నీ నవ్వు లేవగానే వాల్టర్ వేషం వేసినాయన పెదవి కదులుతుంది. ఏదో అనబోతాడు. అనడు. నోరు మూసుకుని, మెల్లగా తల తిప్పి గోడకేసి చూస్తాడు. ఆ చూపుకి మిగతా హాలుకి విషయం అర్థమౌతుంది. ఆ తరవాతే పిడికిలి.

నిన్ను ఓదార్చడానికి ఇది నేనే కల్పించుకుంటున్నానేమో అని అనుమానం వచ్చింది. నా సంగతి నీకు తెలుసు కదా. ఆలన్‌ని పిలిచి, ఏమీ చెప్పకుండా చూపించాను.

"ఆయన ఏదో అనబోయి ఆగాడు కదూ?" అన్నాడు.

"ఎందుకు ఆగాడంటావు?"

"ఎందుకేమిటి? మీ అమ్మ నవ్వుతోంది కదా, అయ్యేదాకా ఆగాడు."

ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఆ ముక్క ఎన్నిసార్లు చూశానో. నీ నవ్వు వచ్చేచోట నేను ప్రతిసారీ తల వంచుకుని కాగితాలు సర్దుకునేదాన్ని. అక్కడ ఏం జరుగుతోందో చూడనేలేదు.

అయినా వాన ఎపిసోడే మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను. నీకు నచ్చే మాట చెప్పడానికి అది మార్చుకుంటే మళ్ళీ ఇంకో అబద్ధం అవుతుంది. కానీ నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. ఆ వాదన నాకు ఎక్కడ పుట్టింది? నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, హాస్టల్ హాల్లో అందరం పాదిరిగారి ఎపిసోడ్ చూస్తుంటే నీ నవ్వు వచ్చింది. ఒకమ్మాయి దాన్ని అనుకరించింది, అందరూ పడీపడీ నవ్వారు. "ఇది అంత గొప్పదేం కాదు, వాన ఎపిసోడ్ చూడండి, అదీ అసలు సంగతి" అన్నాను నేను. ఆ మాటకి అందరూ నాకేసి గౌరవంగా చూశారు. ఆ గౌరవాన్నే పట్టుకుని ఇంతదాకా వచ్చాను. ప్రసిద్ధమైనవి నిజంగా మంచివేనా అని ఊరూరా అడుగుతూ తిరిగానే, నాకు కావలసింది నీ నవ్వు వినపడని ఎపిసోడేనేమో. వాన ఎపిసోడ్ నిజంగా మంచిదో, అందులో నువ్వు లేవు కాబట్టి నాకు మంచిదైందో ఇప్పుడు విడదీసి చెప్పలేకపోతున్నాను. అది రాసినవాళ్ళకి కూడా నేను అన్యాయం చేశాను.

సభలో మాట్లాడినవన్నీ చిన్న పుస్తకంగా వేస్తున్నారట. నా ప్రసంగం టైపు చేసి, దిద్దుకోమని పంపారు. కోడిపెట్ట మాటలు, నా మాటలు అన్నీ ఉన్నాయి. ఒక్క గీత గీస్తే పోతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కొట్టెయ్యలేదు. కింద ఇలా రాశాను: "ఈ ప్రశ్నకి నాలుగో వరసలో ఒకామె చెయ్యెత్తింది. వక్త చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. ఆమె పేరు డోరీన్ ఆష్‌వర్త్. వక్తకి తల్లి. ఆమె ముందే నవ్వింది, నటుడు ఆమె కోసం ఆగాడు."

ఇంకా పంపలేదు. నలుగురి నోళ్ళలో నీ పేరు నానడం నీకు ఇష్టమో కాదో నిన్ను ఎవరూ ఏనాడూ అడగలేదు. నేనైనా అడగాలి. వద్దంటే పేరు తీసేస్తాను, నా మాటలు మాత్రం ఉంచుతాను. క్షమించమని ఇక్కడ రాయడం లేదు. రాస్తే చదివి "సర్లే" అనేస్తావు. ఎదురుగా నిలబడి అడుగుతాను.

శనివారం పొద్దుటి బండికి వస్తున్నాను. స్టేషన్‌కి రావద్దని ఎప్పుడూ చెబుతాను, నువ్వెప్పుడూ వస్తావు. ఈసారి రమ్మనే చెబుతున్నాను. పిన్నిని కూడా తీసుకురా, తిట్టాలనుకుంటే ప్లాట్‌ఫాం మీదే తిట్టమను. నువ్వు ఆ చెయ్యి చెవి దగ్గర ఆపకుండా పైదాకా ఎత్తు. ఆపినా ఫరవాలేదు, నేను చూస్తాను.

ఇట్లు,
ఆ రోజు నాలుగో వరసలో నిన్ను చూసిన
నీ కూతురు,
హెదర్