మూడు దగ్గర గీత లేదు

పిచ్చుకమ్మా,

హాస్టల్లో నీకు కుదురుగా ఉందని రాశావు, సంతోషం. నేను బాగున్నానని అబద్ధం రాయను. కుట్టుమిషను మాత్రం ఆపలేదు. మీ అక్క పోయిన రెండు నెలలకి బడివాళ్ళు పిలిచి, తను రాసిన చివరి లెక్కల పరీక్ష కాగితం చేతిలో పెట్టారు. పన్నెండో లెక్క ఎర్రగా కొట్టేసి ఉంది. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది, కింద ఎక్స్ మైనస్ మూడు. గళ్ళ కాగితం మీద దాని గీత అడ్డగీతని ఎక్కడ తాకుతుందని ప్రశ్న. మైనస్ మూడు దగ్గరే అని అక్క రాసింది. మూడు దగ్గర కూడా అంటారు మాస్టారు. అడిగితే, "పోయిన పిల్లకి మార్కులెందుకమ్మా" అన్నారు. ఆ మాట మింగుడు పడటం లేదు. నాది ఐదో తరగతి చదువు. ఎవరిది తప్పో నువ్వు చెప్పు.

మీ అమ్మ

ప్రియమైన అమ్మా,

తాకాలంటే పైనున్నది సున్నా కావాలి. ఎక్స్ చోట మూడు పెట్టినా, మైనస్ మూడు పెట్టినా తొమ్మిదిలోంచి తొమ్మిది పోతుంది. అక్క ఒకటి వదిలేసింది. తొందర మనిషి కదా. మాస్టారితో గొడవ వద్దు. ఆ కాగితం పెట్టెలో పెట్టెయ్యి, చూసినకొద్దీ ఏడుస్తావు.

నీ పిచ్చుక

పిచ్చుకమ్మా,

పెట్టెలో పెట్టను. నీ ఉత్తరం చదివి కాగితం వెనక్కి తిప్పాను. గళ్ళ మీద అక్క గీసిన గీత ఉంది. మైనస్ మూడు దగ్గర అడ్డగీతని దాటి పైకి పోయింది. మూడు దగ్గరికొచ్చేసరికి ఆరు గళ్ళ ఎత్తున ఉంది. అక్కడ చిన్న గుండ్రం చుట్టి లోపల ఖాళీ వదిలింది. ఎందుకా అని నువ్వు చెప్పినట్టే మూడు పెట్టి చూశాను. పైన సున్నా. కిందా సున్నాయే. పైన చూసి కింద చూడకపోతే ఎలాగే? ముందు భాగం కుట్టి వీపు వదిలేసిన చొక్కా ఎవరు తొడుక్కుంటారు?

బడికెళ్ళాను. "క్లాసులో ఉన్నానమ్మా, కుదరదు" అన్నారు మాస్టారు.

"నిలబడతాలెండి, కూర్చుని కూర్చుని నడుం ఎలాగూ పట్టేసింది" అన్నాను. గంట కొట్టేదాకా గుమ్మంలోనే ఉన్నాను. పిల్లలింకా లేవకముందే కాగితం ఆయన బల్ల మీద పరిచాను.

"సున్నాని సున్నాతో భాగించి ఎంతో చెప్పండి, నోరు మూసుకుని పోతాను."

ఆయన సుద్దముక్కతో బోర్డు మీద సున్నా కింద సున్నా వేసి, చెరిపేశారు.

"అక్కడ గుడ్డే లేదండీ, గుండీ ఎక్కడ కుడతాం?" అన్నాను. వెనక బెంచీల్లో నవ్వారు. ఆయన నవ్వలేదు. కొట్టేసినచోటే ఒప్పని రాసి సంతకం పెట్టారు. క్లాసు మొత్తంలో అది ఒప్పు రాసింది మీ అక్క ఒక్కతేనట.

పోయిన పిల్లకి మార్కులెందుకని ఇంకెవరైనా అంటే, అవి తనవి కాబట్టి అని చెప్పు. అక్క ఏదీ వదిలెయ్యలేదు. నువ్వే తొందరపడ్డావు. కోపం లేదులే, ఆ లెక్క నీ చేత్తో మళ్ళీ చేసి పంపు. చిక్కిపోయావని నీ స్నేహితురాలు ఫోనులో చెప్పింది. వేళకి కడుపునిండా తిను.

అమ్మ